మంచి చెయ్యి

డాక్టరమ్మ ఆ మాట అడగడం అది మూడోసారి.

"ఇక్కడికి రాకముందు ఎవరన్న సూదులు ఏసిన్రా? యాంటీబయాటిక్ గోలీలు ఇచ్చిన్రా? జర మంచిగ యాది చేసుకోని చెప్పున్రి."

మంచం మీద స్వరూప కళ్లు మూసుకుని ఉంది. ఇరవై ఆరేళ్ల మనిషి, నెల రోజుల్లో సగానికి సగం అయింది. తలాపున అత్త సాలమ్మ, కాళ్ల దగ్గర మొగుడు దిలీప్. ఇద్దరికీ కాస్త ఎడంగా, కిటికీ ఊచలు పట్టుకుని ముత్యం నిలబడ్డాడు.

"ఏం ఎయ్యలేదమ్మా," అంది సాలమ్మ, కొంగుతో కోడలి నుదురు తుడుస్తూ. "జరమొస్తే జరం గోలీ. గంతే. మా ఊర్ల సూదులేసెటోళ్లు ఎవలున్నరు?"

ఆ ఊళ్లో సూదులేసేవాడు కిటికీ దగ్గరే ఉన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ల నుంచి వేస్తూనే ఉన్నాడు. నర్సింహులపేట చుట్టుపక్కల పది ఊళ్లకు అతను ముత్యం డాక్టరు. చదువు పదో తరగతి దగ్గరే ఆగింది కానీ చెయ్యి ఆగలేదు. పాలు తాగే పిల్లకు సూది గుచ్చినా పిల్ల ఏడుపు మరిచిపోతుందని, ముత్యం చెయ్యి మంచిదని జనం చెప్పుకుంటారు. అలాంటి మనిషి ఇప్పుడు తేలు కుట్టిన దొంగలా ఊచలు లెక్కపెడుతున్నాడు.

సాలమ్మ అబద్ధం ఆడుతున్నానని అనుకోలేదు. పోయిన నెల పక్క ఊరికి ఆఫీసర్లొచ్చి, అక్కడి ఆర్‌ఎంపీ గదికి తాళం వేసి సీలు కొట్టి పోయారు. అందుకే మానుకోటకు ఆటోలో వస్తూ దారిలోనే కొడుకునూ కోడలినీ కట్టడి చేసింది. "ముత్యం పేరు ఎవ్వలెత్తొద్దు. ఏ యాళ పిలిచినా తలుపు తీసెటోడు మనకు ఆయనొక్కడే. ఎవలన్న అడిగితే మీ కాక అని చెప్పుండ్రి." మహబూబాబాద్ అన్న పేరు బోర్డుల మీదే, నోటికి మాత్రం అందరికీ మానుకోటే. ఆ మానుకోట దవాఖానలో అయిదు రోజులుగా ముత్యం దిలీప్‌కు చిన్నాన్న వరస, కాక అయ్యాడు.

డాక్టర్ కహ్కషాన్ పొట్టి మనిషి. రోజూ జనగామ నుంచి పొద్దుటి రైలుకు వస్తుంది. గొంతు పెంచదు. స్వరూప చెయ్యి పట్టుకుని, వేళ్లు వెలుతురుకు తిప్పి చూపించింది.

"గోళ్ల కింద ఈ గీతలు చూసిన్రా?"

ముల్లు విరిగి లోపలే ఉండిపోయినట్టు సన్నటి ఎర్రటి గీతలు. ముత్యం వాటిని ఊళ్లోనే చూశాడు. చూసి నవ్వాడు కూడా. "పత్తి ఏరే చేతులు గిట్లనే ఉంటయ్ బిడ్డా, ఎండిన కాయ మొనలు గుచ్చుకుంటయ్" అని కొబ్బరినూనె రాసుకోమన్నాడు. అదే పత్తి ఏరే సాలమ్మ గోళ్లు తెల్లగానే ఉన్నాయని అప్పుడు తోచలేదు. స్వరూపకు రెండు చేతుల గోళ్లకూ గీతలున్నాయి.

"ఇవి ముండ్లు కావు. గుండెల వాల్వులుంటయ్, తలుపుల తీరు. స్కానింగ్‌ల ఒక తలుపు మీద గడ్డ పట్టినట్టు కనవడుతుంది. దాని పొట్టు రక్తంల కొట్టుకపోయి ఇట్ల వేళ్ల చివర్ల దాక వస్తది." ఆమె చెయ్యి మెల్లగా కింద పెట్టింది. "వాల్వుకు కంటికి కనవడని పురుగు పడితేనే ఎక్కువ గిట్లయితది. కాని పరీక్షకు వరంగల్‌కు పంపిన మూడు సీసాల రక్తంల ఏ పురుగూ పెరగలే. అయిదు రోజుల సంది మందు ఎక్కిస్తున్న, పొద్దూకంగ జరం వస్తనే ఉన్నది. ముందుగాల ఏ మందూ పడలేదని మీరే అంటున్నరు. అంటే ఇది పురుగు కాదు. ఒంట్లె కాపలా ఒంటి మీదనే తిరగబడే జబ్బొకటి ఉన్నది. గీ వయసు ఆడోళ్లకు వస్తది."

"దానికి మందున్నదా అమ్మా?" అన్నాడు దిలీప్.

"ఉన్నది. రేపు పొద్దున ఈ మందు ఆపి, స్టెరాయిడ్ మొదలువెడ్త."

ముత్యం ఊచలు వదిలి మంచం పక్కకు వచ్చాడు. స్టెరాయిడ్ అంటే ఏమిటో ఆ గదిలో డాక్టరమ్మ తర్వాత తెలిసినవాడు అతనొక్కడే. కీళ్ల నొప్పులకు, ఆయాసానికి చాలామందికి వేశాడు. వేసిన పూటే మనిషి లేచి కూర్చుంటాడు, అన్నం అడుగుతాడు. లోపల పురుగు గనక ఉంటే దానికి మాత్రం కంచె పీకేసి చేను అప్పజెప్పినట్టే. కాపలా నిద్రపోతుంది. స్వరూప గుండెలో పురుగు ఉందో లేదో డాక్టరమ్మకు తెలియదు. ఉండి కూడా సీసాలో ఎందుకు పెరగలేదో ముత్యానికి తెలుసు.

సెలైన్ చుక్క ఆగి ఆగి పడుతోంది. ఆలోచనలో ఉండి ముత్యం చెయ్యి దానంతట అదే పైకి పోయింది. బొటనవేలితో గొట్టం మీది చక్రాన్ని వెంట్రుకవాసి జరిపింది. చుక్కలు వరసగా పడ్డాయి. తిరిగి చూస్తే డాక్టరమ్మ అతని బొటనవేలినే చూస్తోంది.

"మీరేం పని చేస్తరు?"

"వ్యవసాయం అమ్మా."

ఆమె అతని దగ్గరికి వచ్చింది. "నేను పోలీసును కాను. నాకు ఎవరి పేరూ వద్దు. మందు పేరు, ఎన్ని రోజులు, ఎప్పుడు ఆపిన్రు, గంతే కావాలె."

మందు పేరు అతని నాలుక మీదికి వచ్చింది. సాలమ్మ వద్దన్నట్టు తల ఊపింది. ముత్యం మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. డాక్టరమ్మ పక్క మంచానికి వెళ్లిపోయింది.

బియ్యం, బట్టలు తెస్తానని చెప్పి ముత్యం మధ్యాహ్నం బస్సెక్కాడు. తొర్రూరులో దిగి ఇంకో బస్సు పట్టుకున్నాడు. దారి పొడుగునా చేలు తెల్లగా పగిలి ఉన్నాయి. వంగి పత్తి ఏరుతున్న ఆడవాళ్లు నడుములెత్తి బస్సును చూశారు. ప్రతి చెయ్యీ అతని కళ్లకు గోళ్లతో సహా కనబడింది. కిటికీ వైపు నుంచి ముఖం తిప్పుకున్నాడు.

ఊళ్లో దిగేసరికి నాలుగయింది. గది తాళం తీయకుండా వెనక్కు నడిచాడు. అక్కడ నడుములోతు గుంత ఉంది. వాడిన సీసాలు, సిరంజీలు అందులో వేస్తాడు, ఆదివారం ఆదివారం కిరోసిన్ చల్లి కాలుస్తాడు. పెండ్లిళ్లనీ పత్తి అనీ ఈసారి నెల రోజులుగా కాల్చలేదు. చేతులకు తొడుగులేసుకుని, పార తీసుకుని గుంతలోకి దిగాడు.

భార్య మైసమ్మ అలికిడి విని వచ్చింది. "ఏం పోగొట్టుకున్నవ్ అండ్ల?"

"సీసాలు."

"ఖాళీ సీసాలెందుకు? స్వరూపకెట్లున్నది?"

ముత్యం పై పొర పారతో నెమ్మదిగా జరిపి, లోపలివి ఒక్కొక్కటీ ఏరి గట్టు మీద పెడుతున్నాడు. ముత్యానికి ఒక అలవాటుంది. పెద్ద సీసా అందరూ కొనలేరు. అందుకని ఒకే సీసాలో మందు కలిపి, సగం ఒకరికి, సగం ఇంకొకరికి వేస్తాడు. మిగిలిన సగం ఎవరిదో మరిచిపోకుండా సీసాకు ప్లాస్టరు ముక్క అంటించి, దాని మీద ఇద్దరి పేర్లూ తారీఖూ రాస్తాడు. ఇద్దరికీ జ్వరం దిగుతుంది, ఇద్దరూ దండం పెడతారు. ఇన్నేళ్లలో దాన్ని అతను తప్పనుకోలేదు, ధర్మమనుకున్నాడు. ఊరు కూడా అదే అనుకుంది.

మట్టి దులిపి ప్లాస్టరు చదివాడు. స్వరూప, రాములు, తొమ్మిదో తారీఖు. ఇంకోటి, పదో తారీఖు. ఇంకోటి, పదకొండు. అక్కడికి జ్వరం తగ్గింది, సూదులు ఆపేశాడు. మళ్లీ పంతొమ్మిది, ఇరవై. మళ్లీ తగ్గింది, మళ్లీ ఆపాడు. తగ్గిన ప్రతిసారీ సాలమ్మ అతని చేతులు కళ్లకద్దుకుంది. ఆరో సీసా గుంత మూలన దొరికింది. ఇరవై ఏడు. ముత్యం ఆ సీసాను చాలాసేపు పట్టుకున్నాడు. ఇరవై ఎనిమిది పొద్దున మానుకోటలో డాక్టరమ్మ స్వరూప చేతి నుంచి ఆ మూడు సీసాల రక్తం తీసింది. అప్పటికి తన సగం మందు ఆ రక్తంలో తిరుగుతూనే ఉంది. పురుగును చంపేంత లేదు. సీసాలో పెరగకుండా దాచేంత మాత్రం ఉంది.

గుంతలో అలాగే కూలబడ్డాడు. ఆరు సీసాలనూ తారీఖుల వరసలో పేర్చాడు.

మైసమ్మకు సగం అర్థమైంది, సగం అతను చెప్పాడు. విని ఇంట్లోకి వెళ్లి కిరోసిన్ సీసా, అగ్గిపెట్టె తెచ్చి గట్టు మీద పెట్టింది.

"కాలవెట్టు. ఎట్లాగూ కాలవెట్టేటియే. వాళ్లంతట వాళ్లే చెప్తలేరాయె, నీకేం పుట్టింది? పక్కూరాయన గదికి సీలేసిన్రు, యాదిలేదా? గీ ముసలితనంల జైలుకు పోతవా?"

"వాళ్లు నన్ను కాపాడుతుండ్రే మైసమ్మ," అన్నాడు ముత్యం. "నన్ను కాపాడబట్టి ఆ పిల్లను సంపుకుంటుండ్రు."

మైసమ్మ అగ్గిపెట్టె తీసుకుని లోపలికి పోయింది. ఆరు సీసాలూ ముత్యం పాత తువాలలో మూటగట్టాడు.

తెల్లారి మొదటి బస్సు రాలేదు. రెండోది తొర్రూరు దాటాక పత్తి ట్రాక్టర్ల వెనక చిక్కుకుంది. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోశారు, మిగిలిన సగంలో బండి వెనక బండి. ముత్యం డ్రైవరు పక్కకు పోయి నిలబడ్డాడు. "జర తొందరగ పోనీ అన్నా." "ఎగిరి పొమ్మంటవా?" అన్నాడు డ్రైవరు. దిలీప్‌కు ఫోను చేస్తే గంట మోగుతోంది, ఎత్తడం లేదు. జనగామ రైలు వచ్చే వేళ దాటింది. ఒళ్లో మూటలో సీసాలు బస్సు కుదుపుకల్లా గలగలమంటున్నాయి. పక్కన కూర్చున్న ముసలాయన అనుమానంగా చూసి జరిగాడు.

వార్డులోకి ముత్యం ఇంచుమించు పరుగెత్తుకుంటూ పోయాడు. స్వరూప మంచం పక్కన నర్సు ట్రేతో నిలబడి ఉంది. ట్రేలో కొత్త మందు, సిరంజీలోకి ఎక్కించి ఉంది. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాస్తోంది.

"అమ్మా, ఎయ్యొద్దు!"

వార్డంతా తిరిగి చూసింది.

"సూదులేసిన్రు. నేనే ఏసిన. నెల రోజుల సంది ఆరు సార్లు ఏసిన. నేను కాకను కాను, వ్యవసాయం కాదు. ఆర్‌ఎంపీని."

"అబద్ధం!" అని లేచింది సాలమ్మ. "అబద్ధం చెప్తుండు డాక్టరమ్మా! ఆయనకేం తెల్వది. మా పిల్ల మీద ప్రేమతోని పరేషానయి ఏదో మాట్లాడుతుండు. ముత్యం, నువ్వు బయటకు నడువ్!"

"వదినె, కూసో."

"కూసోను! నీకేమన్న పిచ్చి లేసిందా?"

ముత్యం నేల మీద కూర్చుని మూట విప్పాడు. మసీ మట్టీ అంటిన ఆరు సీసాలు. డాక్టరమ్మ తొడుగులేసుకుని ఒకదాన్ని వెలుతురుకెత్తింది. మందు పేరు చదివింది. ప్లాస్టరు చదివింది.

"స్వరూప, రాములు. రాములెవరు?"

అతను దాటవేయాలనుకున్నది సరిగ్గా ఆ మాటే. సూదులేశానని చెప్పడానికి బస్సులో గుండె దిటవు చేసుకున్నాడు కానీ దీనికి చేసుకోలేదు. తల వంచుకుని చెప్పాడు.

"ఒక్క సీసా ఇద్దరికి పంచిన. సగం ఆమెకు, సగం ఆయనకు. జరం దిగంగనే ఆపిన. ఆఖరుది మీరు రక్తం తీసిన దానికి ముందటి రోజు."

సాలమ్మ మంచం పట్టీ మీద కూర్చుంది. దిలీప్ సీసాలను, ముత్యాన్ని మార్చి మార్చి చూశాడు. డాక్టరమ్మ తిడుతుందని ముత్యం ఎదురుచూశాడు. తిట్టి ఉంటే కొంత తేలికయ్యేది. ఆమె నర్సు వైపు తిరిగి, "ఆ సిరంజీ పారబొయ్యి" అంది. తర్వాత సీసా మీద పేరును మళ్లీ చూసింది.

"అయిదు రోజుల సంది నేను ఎక్కిస్తున్నది గూడ ఇదే మందు," అంది మెల్లగా. "సగం సగం తిని మొండికెత్తిన పురుగుకు అదే పెడుతున్న."

కాగితం కొట్టేసి కొత్తది రాసింది. మందులు మార్చింది. రెండు రకాలు, ఒకటి ఆరు గంటలకోసారి. ఆరు వారాలు. ఒక్క పూట తప్పొద్దు, జ్వరం తగ్గినా ఆపొద్దు. ఆ చివరి మాట అంటున్నప్పుడు ముత్యం వైపు చూడలేదు. చూడకపోవడం అతనికి తెలిసింది.

"పిల్ల బతుకుతదా అమ్మా?" అన్నాడు ముత్యం.

"చూడాలె. మందు పురుగును సంపుతది. పురుగు తిన్న తలుపు మళ్ల మొలవదు. ఇప్పటికే రక్తం ఎనకకు కారుతుంది. ఈ ఆరు వారాలు గట్టెక్కినా, హైదరాబాద్ తీస్కపోయి ఆపరేషన్ చేయాల్సి రావచ్చు." ఆమె తొడుగులు విప్పింది. "నిన్న వ్యవసాయం అన్నరు."

"ఔనమ్మా. ఇగ అదే."

మొదటి రెండు రోజులూ సాయంత్రం అయిదయ్యేసరికి చలి పట్టి స్వరూప పళ్లు టకటకలాడాయి. ముత్యం ఊరికి పోలేదు. వార్డు గోడ గడియారం కింద కూర్చుని, ఆరు గంటల మందు వేళకు పావుగంట ముందే నర్సు బల్ల దగ్గరికి పోయి నిలబడేవాడు. చెయ్యి దేనికీ తగలనిచ్చేవాడు కాదు. సెలైన్ ఆగితే నర్సును పిలిచేవాడు. మూడో రోజు స్వరూప కుడిచేయి మొద్దుబారిందని అంటే అతని ప్రాణం సగం పోయింది. గుండె మీది గడ్డ ముక్క ఊడి మెదడుకు ఎక్కిందేమోనని డాక్టరమ్మ పరుగున వచ్చింది. గంట తర్వాత వేళ్లు కదిలాయి. ఆ గంటలో ముత్యం గోడకు తల ఆనించి ఏడ్చాడు. దిలీప్ చూసి కూడా దగ్గరికి రాలేదు.

నాలుగో రోజు అయిదయింది. ఆరయింది. చలి రాలేదు. దిలీప్ థర్మామీటరు మూడుసార్లు పెట్టించాడు. స్వరూప కళ్లు తెరిచి, "అత్తమ్మా, పులుపు తినబుద్దయితుంది" అంది. సాలమ్మ ఘొల్లుమంది. ఇల్లలకగానే పండగ కాదని డాక్టరమ్మ మాటల్లోనే ఉంది కానీ, వినే స్థితిలో ఎవరున్నారు? సాలమ్మ వచ్చి ముత్యం రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఎప్పటిలాగే.

"వదినె, నా చేతులు ముట్టకు. నా వల్లనే గదా..."

"ఊకో ముత్యం. నువ్వు సీసాలు తేకపోతే డాక్టరమ్మకు మందు దొరకకపోవు."

మర్నాడు సాలమ్మా ముత్యమూ ఊరికి వచ్చారు. వాళ్ల కంటే ముందే కథ వచ్చి కూర్చుంది. మానుకోట డాక్టరమ్మకు అంతుపట్టని జబ్బుకు మన ముత్యం మందు చెప్పిండట. వేస్తున్న సూదిని ఆపిచ్చిండట. గది ముందు బల్ల మీద చోటు లేక జనం అరుగు మీద కూర్చున్నారు. పక్క తండా నుంచి కూడా ఇద్దరు వచ్చారు. ముత్యం గుమ్మంలో నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. సగం సగం సూదులు, దాక్కున్న పురుగు, కారుతున్న తలుపు, ఏదీ దాచలేదు. జనం శ్రద్ధగా విన్నారు. విని, తెలిసినవాళ్లు ఇలాగే అణకువగా ఉంటారని మెచ్చుకున్నారు.

రాములు కర్ర ఊతంతో లేచాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "అరె, నా సగం గూడ ఆ పిల్లకే ఏస్తే అయిపోవు గద ముత్యం. నేను మొద్దును, గోలీ మింగినా బతుకుదును."

ఆ మాటకు ముత్యం లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. బయట ఎవరూ కదల్లేదు. డాక్టరు అలిసిపోయాడు, కాసేపు ఆగుదాం అనుకున్నారు. తప్పు ఒప్పుకుంటే ఊరు తన మొహం మీద ఉమ్మేస్తుందని ముత్యం భయపడ్డాడు. ఉమ్మేసి ఉంటే కడుక్కునేవాడు.

రెండు రోజులకు సాలమ్మే జ్వరంతో వచ్చింది. వార్డులో దోమలు పీక్కు తిన్నాయి. బల్ల మీద కూర్చుని, అలవాటుగా రవిక చెయ్యి పైకి జరిపింది.

"ఒక్క సూది ఎయ్యి ముత్యం. రేపు పత్తి ఏర పోవాలె. కూలోళ్లు దొరుకుతలేరు."

"ఎన్ని రోజులాయె?"

"నిన్నటి సంది. అడుగుడెందుకు, ఏసెయ్యి."

అలమరలో సీసాలు వరసగా ఉన్నాయి. చెయ్యి చాపితే అందుతాయి. అరనిమిషం పని. సూది పడితే సాలమ్మ లేచి చేనుకు పోతుంది, దండం పెడుతుంది. ముత్యం అలమర తాళం వేసి, బండి తాళం తీసుకున్నాడు.

"నడువ్ వదినె. నర్సింహులపేట సర్కారు దవాఖానకు పోదాం. ముందుగాల రక్తం చూపిద్దాం. ఏ జరమో తెలిసినంకనే మందు."

"నాకు? జరానికి రక్తమా?" సాలమ్మ తెల్లబోయింది. "నా కోడల్ని బతికిచ్చినోనివి, నాకు ఒక్క సూది ఎయ్యనీకి చేతులొస్తలేవా?"

అరుగు మీద జనం గుసగుసలాడారు. ముత్యం వినిపించుకోలేదు. సాలమ్మను బండి ఎక్కించాడు. ఆమె దారి పొడుగునా సణుగుతూనే ఉంది, ముత్యం బండి నడుపుతూనే ఉన్నాడు.

దవాఖానలో నర్సు సాలమ్మ వేలు గుచ్చి చుక్క రక్తం తీసుకుంది. గంట కూర్చోమంది. సాలమ్మ బెంచీ మీద, తండా నుంచి వచ్చిన హీర్యా పెండ్లాం పక్కన కూర్చుంది. రెండడుగుల దూరంలో ముత్యం చీటీ పట్టుకుని నిలబడ్డాడు.

"మీ ఊర్లనే డాక్టరున్నడు గదా అక్కా," అంది హీర్యా పెండ్లాం. "పెద్ద పేరున్నోడు. రేపు మా పిలగాన్ని తీస్కోని అక్కడికే వద్దామనుకుంటున్న. వారం సంది పొద్దూకంగ జరం."

సాలమ్మ గొంతు తగ్గించింది. తగ్గించినా ముత్యానికి వినబడింది.

"ఉండెనే. మంచి చెయ్యి ఉండె. మా కోడలి పానం నిలవెట్టిండు. ఏం కన్ను తాకిందో, గిప్పుడు సూది పట్టాలంటేనే భయపడుతుండు. పోయింది, ఆ చెయ్యి పోయింది."

హీర్యా పెండ్లాం జాలిగా తలెత్తి చూసింది. ముత్యం ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఔను చెల్లె, పోయింది," అన్నాడు. "పిలగాన్ని రేపటి దాక ఆపకు, గిప్పుడే గీడికి తీస్కరా. నా చెయ్యి పోయిందని మీ తండల గూడ అందరికి చెప్పు."